నల్లవారి కేశములు – తెల్లవారి వేషములు

తన తలపై మొలచిన వెండ్రుకలను అవి మొలచిన రీతిగనే ఉంచుకొనుటకు మనుష్యునకు శాసనసభ యనుమతి కావలయునా? ఈ ప్రశ్న వినినవారు మొదట నవ్వుదురు. కాని అమెరికా సంయుక్తరాష్ట్రములలో నిది నవ్వులాట కాదు. 2019 జూలై 3వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రమున 'క్రౌను చట్టము' అను పేర నొక శాసనము వెలసినది. నల్లజాతివారు తమ కేశములను జడలుగనో, జటలుగనో, గుబురుగనో ఉంచుకొనిరన్న కారణమున వారిని ఉద్యోగములనుండి గాని పాఠశాలలనుండి గాని వెడలగొట్టరాదని దాని సారాంశము. అటుపిమ్మట ఇరువదికి పైగా రాష్ట్రములు ఆ మార్గమునే అనుసరించినవి. దేశమంతటికిని వర్తించునట్టి బిల్లును 2022 మార్చిలో ప్రతినిధి సభ 235 వోట్లతో ఆమోదింపగా 189 మంది సభ్యులు దానికి ప్రతికూలముగ వోటు చేసిరి. సెనేటులో ఆ బిల్లు గట్టెక్కలేదు. బానిసత్వము రద్దయి నూటయేబది సంవత్సరములు దాటిన పిమ్మటను ఒక జాతివారి వెండ్రుకలకు రక్షణశాసనము కావలసివచ్చెనన్న, ఆ వెండ్రుకలను వెంటాడిన ద్వేషము ఎంత లోతైనదో పాఠకులే ఊహించుకొనగలరు.

విచిత్రమేమన, ఏ కాలమున నల్లజాతివారు తమ జడలకై న్యాయస్థానముల మెట్లెక్కుచున్నారో, ఆ కాలముననే ఆ జడలు పారిసులోను, న్యూయార్కులోను తెల్లజాతి యువతుల తలలపై నెక్కి, దీపకాంతుల నడుమ కొత్త వేషములుగ ఊరేగుచున్నవి. ఒక తలపై అపరాధమైనది మరియొక తలపై అలంకారమగుచున్నది. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినగాని, నల్లజాతి సంస్కృతిని ఇతరులు స్వాయత్తము చేసికొనుచున్నారని నేడు వినవచ్చుచున్న ఆరోపణమునకు అర్థము బోధపడదు. ఇది కేవలము ముచ్చట్ల తగవని త్రోసివేయువారు పెక్కుమంది కలరు. మా యభిప్రాయమున నిది పరస్వాపహరణమే. అయితే అపహరణము ఎచ్చట నున్నదో సరిగా గుర్తింపవలసియున్నది. ఒకరి జడను ఇంకొకరు అల్లుకొనుట అపహరణము కాదు. సొంతదారును శిక్షించుచునే ఆతని సొమ్మును అనుభవించుట అపహరణము.

పూర్వకథను కొంత చెప్పవలసియున్నది. పశ్చిమాఫ్రికా జాతులలో తలకట్టు ఒక భాష వంటిది. దానినిబట్టి ఫలానావారు ఏ తెగవారో, పెండ్లియైనవారో కానివారో, ఏ వయస్సువారో, ఏ హోదాలోనివారో తెలిసికొనుట కలదు. తలకంటి అల్లిన సన్నని జడల వరుసలు దున్నిన చేని చాళ్లవలె కనబడును. అందువలననే అమెరికాలో వానికి మొక్కజొన్న చాళ్లపేర 'కార్న్‌రోలు' అను నామము కలిగినది. యోరుబాలు, వొలోఫులు, ఫులానీలు మొదలగు జాతుల స్త్రీలు గంటలకొలది కూర్చుండి ఒకరి తల నొకరు అల్లుకొనుచుండిరి. తల్లినుండి కూతురునకు, అక్కనుండి చెల్లెలునకు సంక్రమించిన విద్య యది. బానిసల వ్యాపారులు వీరిని పట్టి ఓడలలో నెక్కించునపుడు తలలు గొరిగించుచుండిరి. పారిశుద్ధ్యమునకని వారు చెప్పుకొనిరి. కాని గొరగబడినది వెండ్రుకలు మాత్రమే కాదు. పేరు, తెగ, ఇల్లు, ఊరు ఆ కత్తికే తెగిపోయినవి. తిరిగి మొలచిన కేశములను చూచి యజమానులు 'ఉన్ని' యని ఎగతాళి చేసిరి. మేకకును గొర్రెకును వాడు మాటను మనుష్యులకు వాడిన పిమ్మట వారిని సంతలో అమ్ముట సులభమగును గదా!

1786లో, నాడు స్పెయిను దేశపు పాలనలో నున్న లూయిసియానాయందు, మీరో అను గవర్నరు ఒక ఉత్తరువు చేసెను. న్యూ ఆర్లియన్సు పట్టణమున బానిసత్వమునుండి విముక్తి నందిన నల్లజాతి స్త్రీలును, మిశ్రజాతి స్త్రీలును తమ కేశములను రత్నములతోను, ఈకలతోను అలంకరించుకొని వీథులలో తిరుగుట తెల్లజాతి స్త్రీలకు కంటగింపైనది. కావున వారు తలకు విధిగా గుడ్డ కట్టుకొనవలెనని ఆజ్ఞ వెలువడెను. ఆ గుడ్డకు 'టిన్యోన్' అని పేరు. స్త్రీలు ఆజ్ఞను మీరలేదు. ఏరికోరి వన్నెల గుడ్డలను తెచ్చి, ఎత్తుగా, వింతవింతగా చుట్టి, అవమానచిహ్నమును కిరీటముగ మార్చిరి. కొలదికాలమునకు తెల్లజాతి స్త్రీలు సైతము ఆ తలపాగాలను ముచ్చటపడి ధరింపసాగిరి. ఆజ్ఞాపించి అణచుట, అణగినవారు దానినే అందముగ మలచుకొనుట, అణచినవారే ఆ అందమును తిరిగి ఎత్తుకొనిపోవుట అను ఈ మూడంకముల నాటకము నాటినుండి నేటివరకు పాత్రలు మారుచు ఆడబడుచునే యున్నది.

1865లో బానిసత్వము రద్దయినను తలమీది శాసనము రద్దు కాలేదు. 'మంచి జుట్టు' అనగా తిన్ననిది, 'చెడ్డ జుట్టు' అనగా చుట్టలు తిరిగినది అను భావము ఉద్యోగమిచ్చువారిలోనే కాదు, తల్లుల మనస్సులలోను నాటుకొనినది. కాచిన ఇనుప దువ్వెనలు, కేశములను సాపుచేయు ఘాటైన రసాయనములు నల్లజాతి ఇండ్లలో నిత్యావసరములైనవి. బానిసత్వమునుండి విముక్తులైన తలిదండ్రులకు 1867లో జన్మించిన మేడం సి. జె. వాకరు కేశవస్తువుల వ్యాపారమున ధనవంతురాలై, వేలకొలది నల్లజాతి స్త్రీలకు జీవనోపాధి కల్పించెను. ఆమె పట్టుదలను మేము కొనియాడుదుము. కాని ఆ వ్యాపారము అంతగా వృద్ధినందుటకు హేతువేమి? ఉన్న జుట్టుతో ఉన్నట్లుగా బజారున నడచిన పని దొరకని కాలమది.

1960వ దశకమున పౌరహక్కుల పోరాటముతోపాటు నల్లదనమే సౌందర్యమను నినాదము లేచినది. యువతీయువకులు రసాయనములను పారవైచి, తలచుట్టును మేఘమువలె నిలిచెడి 'ఆఫ్రో'ను పెంచిరి. ఆంజెలా డేవిస్ వంటివారి చిత్రములతో ఆ తలకట్టు ధిక్కారమునకు గుర్తైనది. అటులనే జమైకా ద్వీపమున 1930వ దశకమున పుట్టిన రాస్తఫారీ మతస్థులు జటలను దైవనిష్ఠకు చిహ్నముగ ధరించిరి. వారిని అచ్చటి ప్రభుత్వము ఏమి చేసినది? 1963లో కోరలు గార్డెన్సు అల్లరుల సందర్భమున పోలీసులు వందలకొలది రాస్తఫారీలను పట్టి కొట్టి, జటలను బలాత్కారముగ కత్తిరించిరి. ఆ అకృత్యమునకు జమైకా ప్రధానమంత్రి క్షమాపణము చెప్పుటకు 2017వ సంవత్సరము రావలసివచ్చెను. దక్షిణాఫ్రికాలో జాతివివక్షప్రభుత్వము 1950లో జనుల జాతులను నమోదుచేయు శాసనమును తెచ్చినపుడు, సందేహమున్నవారి వెండ్రుకలలో పెన్సిలును గ్రుచ్చి, అది జారిపడిన తెల్లవారనియు, నిలిచిన కారనియు తేల్చుచుండిరి. పెన్సిలు జారుట జారకుండుటపై ఒక కుటుంబమున అన్నదమ్ములు వేరుజాతులుగ విడదీయబడిరి. ఆ ప్రభుత్వము కూలినను, 2016 ఆగస్టులో ప్రిటోరియా బాలికల ఉన్నత పాఠశాలలోని నల్లజాతి విద్యార్థినులు తమ కేశములను సాపుచేసికొనుమను ఒత్తిడిని నిరసించుచు వీథికెక్కవలసివచ్చినది.

ఇంతవరకు శిక్షను గూర్చి చెప్పితిమి. ఇక అపహరణమును గూర్చి చెప్పెదము. 1979లో 'టెన్' అను సినీమా అమెరికాలో విడుదలయ్యెను. అందులో బో డెరెక్ అను తెల్లజాతి నటి పూసలు గ్రుచ్చిన చాళ్లజడలతో సముద్రతీరమున పరుగెత్తు దృశ్యము కలదు. ఆ దృశ్యముతో జడలకు దేశమంతట ప్రఖ్యాతి కలిగి, పత్రికలు వానికి ఆమె పేరే పెట్టినవి. వేలయేండ్ల విద్యకు ఒక చిత్రముతో కొత్త నామకరణము జరిగెను. 2018లో సైతము కిం కర్దాషియన్ అను ప్రసిద్ధవనిత అట్టి జడలు అల్లించుకొని, వానిని 'బో డెరెక్ జడలు' అనియే లోకమునకు ప్రకటించుకొనెను. పేరు పోయిన సొమ్ము తిరిగి సొంతదారుని చేరుట ఎంత కష్టమో దీనివలన తేటపడుచున్నది.

పేరు పోయిననేమి, జడ పోలేదుగదా యని కొందరనవచ్చును. వారికి 1981లో న్యూయార్కు ఫెడరలు న్యాయస్థానమున తీర్మానింపబడిన వ్యాజ్యమును మేము జ్ఞాపకము చేయుచున్నాము. రోజర్సు అను నల్లజాతి ఉద్యోగిని అమెరికన్ ఎయిర్‌లైన్సు అను విమానసంస్థలో పదునొకండేండ్లు పనిచేసిన యామె. తన కేశములను చాళ్లజడలుగ అల్లుకొనినందున సంస్థ నిబంధనలకు విరుద్ధమని ఆక్షేపణ వచ్చెను. పనివేళల జడలను ముడిచి, పైన మారుజుట్టు చుట్టుకొని రావచ్చునని సంస్థవారు 'రాజీ' సూచించిరి. ఆమె న్యాయస్థానమున కేగెను. తీర్పు ఆమెకు ప్రతికూలమయ్యెను. జడలు పుట్టుకతో వచ్చినవి కావు, మార్చుకొనదగినవి యని ఒక కారణము. ఇక రెండవ విషయము మిక్కిలి గమనింపదగినది. ఒక తెల్లజాతి నటి 'టెన్' చిత్రమున ఆ జడలను ప్రసిద్ధికి తెచ్చిన కొలదికాలమునకే వాది ఆ విధముగ పనికి వచ్చెనని తీర్పులో పేర్కొనబడినది.

ఈ వాక్యముయొక్క పర్యవసానమును పాఠకులు చిత్తగింపవలెను. నల్లజాతి స్త్రీ తన అవ్వలనుండి తనకు వచ్చిన జడను అల్లుకొనిన, ఆమె ఒక తెల్లజాతి నటిని అనుకరించినట్లు లెక్క! ఎరవు తెచ్చుకొన్నవారు యజమానులైరి. యజమానురాలు ఎరవు సొమ్ము పెట్టుకొన్నదైనది. ఆ జడ తన జాతిదని ఆమె చేసిన వాదమునకు ఆ నటి కీర్తియే అడ్డువచ్చెను. కావున స్వాయత్తము చేసికొనుట అనునది మనస్సు నొప్పించుటతో ఆగిపోవునట్టిది కాదు. అది హక్కులను సైతము హరింపగలదు. ఈ వివాదమున మేము అన్నింటికంటె బరువైనదిగ నెంచునది ఈ సంగతియే.

నాడు వెలిసిన న్యాయము నలుబదియేండ్లు నడచినది. 2010లో అలబామా రాష్ట్రపు మొబీలు పట్టణమున ఒక నల్లజాతి యువతికి ఉద్యోగమిచ్చి, జటలు తీసివేయనిచో కుదరదని ఆ యుద్యోగమును వెనుకకు తీసికొనిరి. 2016లో అప్పీలు న్యాయస్థానము సంస్థనే సమర్థించినది. 2018లో సుప్రీము కోర్టు ఆ వ్యాజ్యమును విచారణకు స్వీకరింపలేదు. 2014లో అమెరికా సైన్యము జటలను, కొన్నివిధములగు జడలను నిషేధించుచు నిబంధనలు చేసి, నల్లజాతి సైనికస్త్రీల నిరసనపై కొన్నింటిని సడలించి, 2017లో జటలను అనుమతించినది. దేశముకొరకు ప్రాణమిచ్చుటకు పనికివచ్చిన తల, దానిపై మొలచిన జుట్టుతో పనికిరాకపోయెను! టెక్సాసు రాష్ట్రమున క్రౌను చట్టము 2023 సెప్టెంబరు 1న అమలునకు వచ్చెను. సరిగా ఆ దినములలోనే ఒక నల్లజాతి విద్యార్థిని జటలు పొడవుగ నున్నవని పాఠశాలవారు తరగతినుండి దూరము చేసిరి. చట్టము తలకట్టు రీతిని గూర్చి చెప్పినదిగాని పొడవును గూర్చి చెప్పలేదని 2024 ఫిబ్రవరిలో న్యాయమూర్తి పాఠశాల పక్షమున తీర్పు చెప్పెను. చట్టము వాకిట నిలిచియుండగా ద్వేషము కిటికీలోనుండి దూరుట యిట్టిదే.

ఇదే కాలమున అలంకారవ్యాపారులు చేసినదేమి? 2015 అక్టోబరులో పారిసు నగరమున వాలెంటినో సంస్థ ఆఫ్రికా పేర నొక ప్రదర్శనము జరిపి, అధికభాగము తెల్లజాతి యువతులకే చాళ్లజడలు వేయించి నడిపించెను. 2016 సెప్టెంబరులో న్యూయార్కున మార్కు జేకబ్సు అను వస్త్రశిల్పి రంగురంగుల జటలతో యువతులను ప్రదర్శించెను. వారిలోను తెల్లజాతివారే అధికము. ఆ జటలు రంగులద్దిన ఉన్నితో చేసినవి. ఏ మాటతో ఆఫ్రికావారి కేశములను నాడు గేలిచేసిరో ఆ వస్తువే నేడు వెలగల సొగసైనది! 2020 జనవరిలో పారిసుననే కోం దె గార్సోన్ సంస్థ తెల్లజాతి యువకుల తలలకు చాళ్లజడల విగ్గులు తగిలించి, పిదప క్షమాపణము చెప్పుకొనవలసివచ్చినది. ఆ వేదికలపై ఎవ్వరి జడయు ఉద్యోగమునకు అడ్డురాలేదు. ప్రదర్శనము ముగిసిన పిమ్మట వారు జడలు విప్పుకొని ఇంటికేగిరి. నల్లజాతి స్త్రీ విప్పుకొని పోవుటకు వీలైన వేషము కాదుగదా అది!

దుస్తుల విషయమునను ఇట్టి కథ కలదు. న్యూయార్కులోని హార్లెములో 1982లో 'డాపరు డాన్' అను పేర ప్రసిద్ధుడైన డేనియలు డే ఒక కుట్టుదుకాణము తెరచెను. ఐరోపాలోని ఖరీదైన సంస్థల ముద్రలను తోలుపై తానే అచ్చువేసి, వారు కలనైన ఊహింపని కోటులను కుట్టి, గాయకులకును, మల్లయోధులకును, ఆటగాండ్రకును అమ్ముచుండెను. ఆ సంస్థలు వ్యాజ్యములు వేసి, సోదాలు చేయించి, 1992 నాటికి దుకాణమును మూయించినవి. ఇతరుల ముద్రను అనుమతిలేక వాడుట చట్టవిరుద్ధమే; దానిని మేము కాదనము. అయితే 2017లో ఇటలీదేశపు గుచ్చి సంస్థ ఫ్లారెన్సు ప్రదర్శనములో, ఆతడు 1989లో కుట్టిన బుట్టచేతుల కోటును దించినట్లుగా దించి చూపినది. పేరైనను చెప్పలేదు. హార్లెము దర్జీ చేసిన అనుకరణము దొంగతనమైనది. ఫ్లారెన్సు శిల్పి చేసిన అనుకరణము గౌరవార్థమని చెప్పుకొనబడినది. ప్రజలు ఊరకుండలేదు. నిరసన చెలరేగిన పిమ్మట గుచ్చి సంస్థ ఆతనితో ఒప్పందము చేసికొని, 2018లో హార్లెములో ఆతని పేరనే కుట్టుశాలను తెరచుటకు తోడ్పడెను. పేరు చెప్పి, పాలు పంచియిచ్చిన పిమ్మట ఆ యనుకరణమే సహకారమయ్యెను. తగవు తీర్చు మార్గము ఉన్నదనుటకు దీనికంటె నిదర్శనమేల?

ఇక ఎదుటిపక్షమువారి వాదములను విచారింతము. సంస్కృతి నదివంటిది, దానికి గట్టులు కట్టరాదని వారందురు. జటలు ఆఫ్రికావారి సొత్తేనా యని మన పాఠకులును అడుగవచ్చును. మన దేవుడే జటాధారి. మన సాధువులు యుగములుగ జటలు పెంచుచున్నారు. నిజమే. ఏ ఆకృతియు ఏ యొక్క జాతికిని పట్టా చేసి యీయబడలేదు. నల్లజాతివారిలో వివేకవంతులు చేయుచున్న ఫిర్యాదు అది కాదు. తమ యొద్దనుండి తీసికొన్నపుడు తీసికొన్నట్లు ఒప్పుకొనుడనియు, తీసికొన్నదానినే తమ తలపై చూచి శిక్షింపకుడనియు వారడుగుచున్నారు. ఇందులో గట్టులు కట్టుట యెచ్చటనున్నది?

నల్లజాతి స్త్రీలు తెల్లవారివలె కేశములు సాపుచేసికొనుట లేదా, అది మాత్రము స్వాయత్తము కాదా యని రెండవ వాదము. జేకబ్సు సైతము మొదట ఇట్టి సమాధానమే చెప్పి, కొలదిదినములకే తన మాటలకు విచారము వెలిబుచ్చెను. ఈ వాదమున ముచ్చటకును నిర్బంధమునకును గల భేదము మరువబడినది. సరదాకు జడ వేసికొనిన తెల్లజాతి యువతికి దానిని వేసికొననిచో నష్టములేదు. ఉద్యోగమునకై కేశములు సాపుచేసికొన్న నల్లజాతి యువతికి చేసికొననిచో కూడులేదు. పైగా ఆ సాపుచేయుటకు చెల్లించు వెల ధనము మాత్రమే కాదు. 2022 అక్టోబరులో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థల పరిశోధకులు ముప్పదివేలకు పైగా స్త్రీలను పరిశీలించి ప్రకటించిన ఫలితములలో, కేశములను సాపుచేయు రసాయనములను ఏడాదికి నాలుగుమారులకు మించి వాడినవారిలో గర్భాశయపు క్యాన్సరు వాడనివారికంటె రెట్టింపునకు మించి కనబడెనని తేలినది. అవి అధికముగ వాడువారు నల్లజాతి స్త్రీలే. ఇట్టి నిర్బంధమును అనుకరణమని పిలుచుట గాయపడినవానిని కట్టు కట్టుకొన్నాడని నిందించుట వంటిది.

వెండ్రుకలకై ఇంత రభస యేలయని మూడవ వాదము. దీనికి భారతీయులు ప్రత్యుత్తరమీయ నక్కరలేదు. మన చరిత్రయే ఇచ్చును. గాంధిటోపి పెట్టినందులకు ఉద్యోగములు పోయినవారిని, ఖద్దరు కట్టినందులకు దెబ్బలు తిన్నవారిని ఈ దేశమెరుగును. టోపి గుడ్డముక్కయే, కాని దానిని తీయించుటకు సామ్రాజ్యము అంతగా తహతహలాడుటలోనే దాని విలువ తెలియుచున్నది. అంతకుముందు తిరువాన్కూరులో నాడారు స్త్రీలు రొమ్ము కప్పుకొను హక్కునకై దశాబ్దములు పోరాడి, 1859లో గాని రాజశాసనమును పొందలేకపోయిరి. శరీరముపై ఎవ్వరేమి ధరింపవలెనో నిర్ణయించు అధికారమే మనుష్యునిపై గల అధికారములలో మొదటిది. దీనిని తెల్లజాతివారు మాత్రమే చెలాయింపలేదు, మనవారును చెలాయించిరి.

ఈ కథలో ఆంధ్రులకు సంబంధమేమియు లేదని యెవ్వరైన తలంచినచో అది పొరపాటు. సంబంధము రెండు దారములతో ముడివడియున్నది: ఒకటి నూలుదారము, రెండవది కేశము.

న్యూ ఆర్లియన్సులోను, మార్టినీకు, గ్వాడెలూపు ద్వీపములలోను నల్లజాతి స్త్రీలు తలకు చుట్టుకొన్న గళ్లరుమాళ్లను 'మద్రాసు' అని పిలిచెడివారు. అవి కోరమండల తీరపు మగ్గములపై నేయబడినవి. పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపా వర్తకులు మన దేశపు నూలువస్త్రములను పశ్చిమాఫ్రికాకు కొనిపోయి, వానిని మారకమిచ్చి మనుష్యులను కొనిరి. ఆ మనుష్యులను గొలుసులతో అమెరికాకు చేర్చిరి. అనగా మన సాలెవాని గుడ్డ ఒకమారు బానిసకు వెలయైనది. మరియొకమారు ఆ బానిస సంతతికి తలముసుగైనది. మగ్గముముందు కూర్చున్నవానికి ఈ సంగతి తెలియదు, ఆతనికి ముట్టినది కూలిడబ్బులే. కాని తెలిసిన తరువాత మనము తెలియనట్లు ఉండరాదు. ఇందులోనే వేరొక పాఠమును కలదు. ఇరువదవ శతాబ్దమున చీరాల ప్రాంతపు నేతగాండ్రు నేసిన రుమాళ్లు నైజీరియాకు ఎగుమతియైనవి. అచ్చటి కలాబరి జాతివారు ఆ గళ్లవస్త్రమును కొని, అందలి కొన్ని దారములను నేర్పుతో కత్తిరించి తీసివేసి, 'పెలెటె బైట్' అను సొంత వస్త్రమును సృష్టించిరి. మన నేత వారి చేతిలో వేరొక కళయైనది. దీనిని మేము అపహరణమనము. కొన్నవారు వెలయిచ్చి కొనిరి, నేసినవానిని చూచి నవ్వలేదు, వాని రుమాలు వాడు కట్టుకొనిన శిక్షింపలేదు. సంస్కృతుల ఇచ్చిపుచ్చుకొనుట యనగా నిట్టిది.

రెండవది కేశము. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించు తలనీలాలను దేవస్థానమువారు పొడవునుబట్టి తరగతులుగ విభజించి వేలము వేయుదురు. తత్ఫలితముగ ఏటా నూరుకోట్ల రూపాయలకు పైబడిన ఆదాయము వచ్చుచున్నది. ఏలూరు మొదలగు పట్టణములలో శుభ్రపరుపబడి ఎగుమతియగు మన దేశపు కేశములతో సవరములును, విగ్గులును తయారై, కొంతభాగము అమెరికాలోని నల్లజాతి స్త్రీల తలలకు చేరుచున్నవి. 2009లో క్రిస్ రాక్ అను నల్లజాతి హాస్యనటుడు సమర్పించిన 'గుడ్ హెయిర్' అను చిత్రము ఈ వ్యాపారపు ఆనవాళ్లను వెదకుచు మన దేశమువరకు వచ్చినది. భక్తురాలు అహంకారము నుజ్జగించుటకై అర్పించిన కేశము, సముద్రములు దాటి, తన కేశము తగినది కాదని చిన్ననాటినుండి వినిన వేరొక స్త్రీకి వెలకు అమ్ముడగుచున్నది. సవరము పెట్టుకొను స్త్రీని మేము తప్పుపట్టము. అది ఆమె యిష్టము, పలువురకు ముచ్చటయు. భక్తి తప్పుకాదు, వ్యాపారమును తప్పుకాదు. కాని నల్లజాతి కేశములపై గల తిరస్కారమువలన లాభించువారిలో మనమును ఉన్నామని ఒప్పుకొనుట న్యాయము.

మనకు నష్టము కలిగినపుడు మన మాటలెట్లుండెను? 1995లో గాయములకు పసుపు వాడుటపై అమెరికాలోని విశ్వవిద్యాలయమొకటి పేటెంటు పొందగా దేశమంతయు మండిపడినది; 1997లో మన శాస్త్రీయ పరిశోధనమండలి దానిని రద్దు చేయించినది. 2025 జూనులో ప్రాడా సంస్థ మిలానులో కొల్హాపురీ చెప్పులవంటివానిని పేరుచెప్పక ప్రదర్శింపగా మనవారు లేచి నిలిచిరి; ఆ సంస్థ వాని మూలము భారతదేశమేయని అంగీకరింపవలసివచ్చెను. అది ధర్మాగ్రహమే. చెప్పుల విషయమున మనకు తెలిసిన ధర్మము, జడల విషయమున తెలియకపోవునా? పైగా కొల్హాపురీ చెప్పులు తొడిగినందులకు మనలో నెవ్వరికిని ఉద్యోగము పోలేదు.

ఇంటిసంగతిని సైతము చూచుకొనవలసియున్నది. మన నగరములలోని యువకులు నల్లజాతి గాయకుల పాటలు పాడుచు, వారివలె జుట్టు కత్తిరించుకొని, వారివలె వదులు దుస్తులు తొడుగుచున్నారు. తప్పులేదు. కాని నిజమైన ఆఫ్రికా విద్యార్థి అద్దెగదికై తలుపు తట్టినపుడు తలుపు తీయువారెందరు? 2016 జనవరిలో బెంగుళూరులో టాంజానియా విద్యార్థినిపై జరిగిన దౌర్జన్యము, 2017 మార్చిలో గ్రేటరు నోయిడాలో నైజీరియా విద్యార్థులపై జరిగిన దాడులు మరువదగినవి కావు. హైదరాబాదులో ఏ.సీ. గార్డ్సు అను పేట పేరు నిజాముయొక్క ఆఫ్రికా ఆశ్వికదళమునుండి వచ్చినదేనని యెందరికి తెలియును? అచ్చటి సిద్దీల చేతను, అరబ్బుల చేతను వృద్ధినందిన మర్ఫా వాద్యము లేనిదే నగరమున పెండ్లి ఊరేగింపు కదలదు. వాద్యము కావలెను, వాయించువాని యోగక్షేమము అక్కరలేదు! 1975లో వెలసి, తెలుపుదనమును అమ్మిన లేపనము 2020లో పేరు మార్చుకొన్నది. పెండ్లిచూపులలో 'చామనచాయ' యని గొంతు తగ్గించి చెప్పుట మాత్రము మారలేదు. ఈ మనస్సుతో తెల్లవారికి నీతులు చెప్పబోవుట గురివింద చందమగును.

కావున ఇతరుల అలంకారమును స్వీకరించునపుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మా సూచన. మొదటిది, దాని పేరు దాని సొంతపేరుతోనే చెప్పితిమా? రెండవది, దానివలన లాభము వచ్చినచో సొంతదారునకు పాలు ముట్టినదా? మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది, మనము ముచ్చటపడి ధరించినదానిని సొంతదారు ధరించినపుడు ఆతనికి గౌరవము దక్కుచున్నదా, శిక్ష దక్కుచున్నదా? మూడవదానికి సమాధానము సరిగా నున్నచోట మొదటి రెండింటిని మాటలతో సరిదిద్దుకొనవచ్చును. అది సరిగా లేనిచోట ఎన్ని క్షమాపణములు చెప్పినను ప్రయోజనము లేదు. కనుక ప్రదర్శనశాలలను నిందించుటకంటె శాసనసభలను కదలించుటయే ముఖ్యము. బ్రిటనులో 2011లో ఒక పాఠశాల చాళ్లజడలను నిషేధించుట జాతివివక్షయేయని హైకోర్టు తీర్పు చెప్పెను. ఫ్రాన్సులో కేశవివక్షను నిషేధించు బిల్లును 2024 మార్చిలో దిగువసభ ఆమోదించినది. అమెరికా సెనేటు మాత్రము ఇంకను వెనుకాడుచుండుట ఆ దేశమునకు గౌరవము కాదు.

అమెరికాలో నివసించు తెలుగువారికి ఈ సందర్భమున ఒక మాట. మీకు ఆ దేశపు తలుపులు తెరచిన 1965 నాటి వలసశాసనము నల్లజాతివారి పౌరహక్కుల పోరాటపు వేడిమిలోనే వెలసినది. నేడు మీలో అనేకులు కార్యాలయములలో ఉద్యోగములిచ్చు స్థానములలో నున్నారు. పాఠశాలల సంఘములలో వోటు గలవారై యున్నారు. ఉద్యోగార్థి తలకట్టును చూచి 'ఇది మన కార్యాలయమునకు తగునా' యని ఎవ్వరైన అడిగిననాడు మౌనము వహింపకుడు. మీ బొట్టును, మీ చీరను, మీ పేరును గూర్చి అదే ప్రశ్న రేపు మీ బిడ్డలకు రాదని యెవ్వరు చెప్పగలరు? ఇచ్చటివారును తమ యింట అద్దెకు గది అడుగవచ్చిన ఆఫ్రికా విద్యార్థిని అతిథిగ నాదరింతురుగాక. సోదరభావమును ప్రకటనలలో చూపుటకంటె తలుపు తెరచి చూపుట మేలు.